లైను తెరిచాక బండి నడవాలి

క్యాన్సర్ నుంచి బయటపడ్డ మనిషికి మా బిలాస్‌పూర్‌లో దక్కే మొదటి మర్యాద కుర్చీ. పెళ్లికి వెళ్తే కుర్చీ, వినాయకుడి పందిట్లో కుర్చీ, ఆఖరికి కిరాణా కొట్టు ముందు నిలబడినా లోపలి నుంచి ఎవరో ఒకరు ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చి వేస్తారు. "కూర్చోండి గార్డుబాబూ, మీరు నిలబడకూడదు" అంటారు. నాకు పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, కీమో అయింది, అవి అయ్యి కొన్నేళ్లూ అయింది. ఇప్పుడు తెల్లారకుండానే అర్పా నది ఘాటు దాకా నడిచి వస్తున్నాను. అయినా కుర్చీ తప్పడం లేదు. ప్రేమతోనే వేస్తారు, కాదనను. కాని ఆ ప్రేమ మీద నాకో ఫిర్యాదు ఉంది.

నేను గూడ్స్ గార్డుగా రిటైరయ్యాను. 2022 జనవరి నుంచి మా ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరు పెరిగింది గాని బ్రేక్ వ్యాన్‌లో కుదుపు తగ్గలేదు. మా తాత టెక్కలి వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే గ్యాంగు పనికి వచ్చినవాడు. 1887లో మొదలైన ఆ కంపెనీ 1891కల్లా నాగపూర్ నుంచి అసన్‌సోల్ దాకా లైను వేసేసింది. ఆ కంపెనీ లైన్ల వెంబడే ఖరగ్‌పూర్‌లో, చక్రధర్‌పూర్‌లో, టాటానగర్‌లో, ఇక్కడ బిలాస్‌పూర్‌లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వాళ్లం పాతుకుపోయాం. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి మా ఊరు జోన్‌కి ముఖ్య కేంద్రమైంది. మూడు తరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, డ్యూటీలో రైల్వే హిందీ. జబ్బు వచ్చినప్పుడు మాత్రం అందరూ ఏ భాషలోనైనా ఒక్కటే మాట చెప్పారు: ఆరాం కరో.

గార్డు ఉద్యోగం గురించి తెలియనివాళ్లకి ఒక్క మాట. కోర్బా వైపు నుంచి బొగ్గు రేకు కడితే అది ఎప్పుడు కదులుతుందో, ఏ లూప్ లైన్లో ఎంతసేపు నిలబెడతారో ఎవరికీ తెలియదు. వెనక పెట్టెలో ఒక్కడివే కూర్చోవాలి. నిద్రకి వేళ లేదు, రన్నింగ్ రూమ్‌లో తిండికి వేళ లేదు. అర్ధరాత్రి దాటాక పూరీ కూర తిని పడుకున్న రాత్రులు లెక్కలేనన్ని. నా పేగు దాని వల్లే పాడైందని నేననను, అలా అని ఏ డాక్టరూ చెప్పలేదు. కాని ముప్పై ఏళ్లు కూర్చుని కూర్చుని నడక మరిచిపోయిన ఒళ్లు అది. క్యాన్సర్ పుణ్యమా అని మళ్లీ కూర్చోబెట్టారు.

డిశ్చార్జి రోజున ఆస్పత్రిలో నా చేతికి రెండు కాగితాలిచ్చారు. ఒకటి మందుల చీటీ. రెండోది రంగుల కరపత్రం: పళ్లు తినండి, వ్యాయామం చేయండి, ధూమపానం మానండి, ఆందోళన పడకండి. నోటితో మాత్రం "రెస్ట్ తీసుకోండి" అన్నారు. ఇంటిల్లిపాదీ ఆ నోటిమాటనే పట్టుకున్నారు. కరపత్రం మా ఆవిడ పోపుల డబ్బాల కింద పరిచింది. బొమ్మలు బాగానే ఉన్నాయి, నూనె మరక అంటడానికి వారం పట్టింది.

కీమోలో ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఎక్కించుకున్నవాళ్లకి నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే కరెంటు షాక్. చల్లటి నీళ్లు గొంతులో సూదులు. ఆ మందు ఆపాక చలి బాధ పోయింది గాని అరికాళ్ల తిమ్మిరి మిగిలింది. కింద ఉన్నది నేలో దుప్పటో కాలికి తెలియదు. చెప్పు జారిపోయినా తెలియదు. అలాంటి కాళ్లతో బయటికి పంపడానికి ఇంట్లోవాళ్లు భయపడ్డారంటే వాళ్ల తప్పు కాదు. ఎలా నడవాలో వాళ్లకి చెప్పినవాళ్లు లేరు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలని, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు తిప్పి చూసుకోవాలని, స్నానం నీళ్ల వేడిని కాలితో కాక మోచేత్తో చూడాలని చాలా తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు చెప్పింది. అదీ మా కోడలి మోకాలి నొప్పికి వెళ్తే, పక్కన కూర్చున్న నన్ను చూసి అడిగింది కాబట్టి.

రైల్వేలో పనిచేసినవాడిని, రైల్వే మాటల్లోనే చెప్తాను. ట్రాకు తీసి కొత్తగా వేశాక, కింద కంకర కుదురుకునే దాకా ఆ లైనుని మూసి ఉంచరు. బండి నడిపిస్తారు. లోకో పైలట్ చేతికీ గార్డు చేతికీ కాషన్ ఆర్డర్ ఇస్తారు: ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా గంటకి 20 దాటొద్దు అని. కొన్నాళ్లకి 45, ఆ తర్వాత 75, చివరికి మామూలు వేగం. బండ్ల బరువు పడుతూ ఉంటేనే కంకర గట్టిపడుతుంది. మా ఒళ్లు కూడా అంతే. మాకు కావలసింది వేగం రాసిన కాగితం. మాకిచ్చింది లైను మూసేసిన కాగితం.

ఇది నా ఒక్కడి ఊహ కాదు. 2025 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. ఛాలెంజ్ అని దాని పేరు. ఎక్కువగా కెనడా, ఆస్ట్రేలియా ఆస్పత్రుల్లో, నా జబ్బే ఉన్న 889 మందిని తీసుకున్నారు. ఆపరేషన్, కీమో ముగిసినవాళ్లు. సగం మందికి ఆరోగ్యకరమైన అలవాట్ల పుస్తకం చేతికిచ్చి పంపారు. మిగతా సగం మందికి ఆ పుస్తకంతో పాటు ఒక మనిషిని ఇచ్చారు. వ్యాయామం నేర్పే మనిషి మూడేళ్లపాటు వెంట ఉండి, మొదట్లో రెండు వారాలకోసారి కలిసి, ఎంత నడిచారు, ఎక్కడ ఆగారు, ఎందుకు మానేశారు అని అడిగి చేయించారు. వారంలో మూడు నాలుగు సార్లు ముప్పావుగంట చొప్పున చురుగ్గా నడిస్తే అందుకునేంతటి లక్ష్యమే. అయిదేళ్ల తర్వాత చూస్తే, జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు పుస్తకం ఇచ్చినవాళ్లలో 73.9 శాతం, మనిషిని ఇచ్చినవాళ్లలో 80.3 శాతం. ఎనిమిదేళ్లకి బతికి ఉన్నవాళ్లు 83.2 శాతం, 90.3 శాతం. ఒక మందు ఇంత తేడా చూపిస్తే దాని ధర ఎంత ఉండేదో, దాని కోసం ఎన్ని సిఫారసు ఉత్తరాలు తిరిగేవో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ అంకెల్లో చాలామంది నడకనే చూశారు. నేను కరపత్రాన్ని చూశాను. పుస్తకం ఇచ్చి పంపడమన్నది అక్కడ ఓడిపోయిన పక్షం. మన ఆస్పత్రులు ఇప్పటికీ ఆ పక్షానే ఉన్నాయి.

ఇంకో మాట కూడా ఆ అంకెల్లోనే ఉంది, దాన్ని దాచకూడదు. నడిపించినవాళ్లలోనూ అయిదుగురిలో దాదాపు ఒకరికి ఏదో ఒకటి జరిగింది. కాబట్టి ఎవరికైనా జబ్బు తిరగబెడితే "నడవలేదు, అందుకే" అని ఇరుగుపొరుగు తీర్పు చెప్పడం ఘోరం. మా వీధిలో ఒకావిడ అన్నీ పాటించింది. నిరుడు పోయింది. పరామర్శకి వచ్చిన వాళ్లలో ఒకరు ఆవిడ ఏం తినేదో ఆరా తీశారు. అలాంటివాళ్లని గేటు దగ్గరే ఆపాలి.

నన్ను నడిపించింది డాక్టరు కాదు, మా వీధి చివర ఉండే ఒక రిటైర్డ్ కీమ్యాన్. ఛత్తీస్‌గఢీ మనిషి, జాంజ్‌గీర్ వైపు పల్లె. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టా వెంట మైళ్లు నడిచి, వదులైన కీలు బిగించిన కాళ్లవి, రిటైరయ్యాక ఊరికే ఉండవు. ఒక పొద్దున మా గేటు చప్పుడు చేసి "గార్డ్ సాబ్, చలో" అన్నాడు. నేను కాళ్ల తిమ్మిరి గురించి, కడుపు కుట్ల గురించి చెప్పబోయాను. వినలేదు. "కరెంటు స్తంభం దాకా" అన్నాడు. ఆ స్తంభం దాకా వెళ్లి వచ్చాం. తర్వాత హనుమాన్ గుడి దాకా. తర్వాత హేమూనగర్ దాటి తోర్వా దాకా. ఛఠ్ పూజకి కట్టిన ఘాటు అక్కడ విశాలంగా, చదునుగా ఉంటుంది. తిమ్మిరి కాళ్లకి అంతకన్నా మంచి నేల మా ఊళ్లో లేదు. అర్పాలో నీళ్లు వానాకాలంలోనే, మిగతా రోజుల్లో ఇసక. అయినా ఘాటు ఘాటే.

ఆయన మాట్లాడేది తక్కువ. నేను రాకపోతే గేటు దగ్గర నిలబడి ఉంటాడు, అంతే. మొహమాటానికి లేవాల్సి వచ్చేది. నిపుణుల మాటా అదే: అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ అనే సంస్థ 2018లో పలు దేశాల నిపుణుల్ని కూర్చోబెట్టి క్యాన్సర్ తర్వాతి వ్యాయామం మీద సూచనలు తయారు చేయించింది. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున నడక, దాంతో పాటు రెండుసార్లు కండరాలకి పని చెప్పడం అలసటనీ దిగులునీ తగ్గిస్తుందని 2019లో ప్రకటించారు. క్యాన్సర్ అలసట మామూలు అలసట కాదు. పడుకుంటే తీరదు. పడుకున్నకొద్దీ పెరుగుతుంది. ఈ తిరకాసు నాకు చదివితే అర్థం కాలేదు, కీమ్యాన్ గేటు చప్పుడు చేసిన రెండు నెలలకి అర్థమైంది.

కండరాలకి పని అంటే జిమ్ అక్కర్లేదు. కుర్చీ చాలు. చేతులు ఆనించకుండా కూర్చుని లేవడం పదిసార్లు, కాస్త ఆగి మళ్లీ పది. ఊరంతా నాకు వేసిన కుర్చీలకి ఇన్నాళ్లకి ఒక ఉపయోగం దొరికింది. నడక ఎంత వేగంగా అంటే, మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి. ఎముకల్లోకి జబ్బు పాకినవాళ్లు, గుండె బలహీనమైనవాళ్లు, రక్తకణాలు బాగా పడిపోయినవాళ్లు డాక్టరుని అడిగిన తర్వాతే మొదలుపెట్టాలి. మే నెలలో మా ఊళ్లో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు అయిదు కొట్టకముందే బయల్దేరి తిరిగి వచ్చేయాలి. డిసెంబరులో దానికి తలకిందులు. మంచుతో పాటు బొగ్గు పొయ్యిల పొగ, చెత్త తగలబెట్టిన పొగ నేల మీదే పరుచుకుని ఉంటుంది, కాస్త ఎండెక్కనిచ్చి వెళ్లడం నయం. ఇవేవీ కరపత్రంలో లేవు. ఉండవు కూడా, ఎక్కడో ఢిల్లీలో అచ్చేసినవాళ్లకి తోర్వా పొగ సంగతి ఎందుకు తెలుస్తుంది.

ఆడవాళ్ల కష్టం ఇంకో రకం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన వదినగారొకరు మా పాత క్వార్టర్ల దగ్గర ఉంటారు. చంక కింద గ్రంథులు తీసేశాక ఆ చేత్తో గ్లాసు కూడా ఎత్తవద్దని ఎవరో చెప్పారు. ఎత్తితే చెయ్యి వాస్తుందని. ఆవిడ చేతిని మడిచి ఒళ్లో పెట్టుకుని ఏళ్లు గడిపేసింది. భుజం బిగుసుకుపోయింది, జడ వేసుకోవడానికి కూతురు రావాలి. అప్పట్లో డాక్టర్లు కూడా అలాగే నమ్మేవారు. 2009లో క్యాథరిన్ ష్మిట్జ్ అనే అమెరికన్ పరిశోధకురాలు, అప్పటికే చెయ్యి వాచిన 141 మంది ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలో తేలింది వేరు. సగం మంది చేత మెల్లమెల్లగా, నేర్పే మనిషి ఎదుటే, బరువులు ఎత్తించారు. వాపు పెరగలేదు. పైగా వాపు ముదిరి అవస్థ పడ్డ సందర్భాలు వాళ్లలోనే తక్కువ. బిగుతు తొడుగు వేసుకుని, అతి తక్కువ బరువుతో మొదలుపెట్టి, కొంచెం కొంచెం పెంచాలి. ఇదంతా ఆ వదినగారికి చెప్తే "పదేళ్ల ముందు చెప్పొద్దా తమ్ముడూ" అంది. నా దగ్గర జవాబు లేదు.

నడకకి వస్తానంటుంది గాని తెల్లవారుజామున చీకట్లో ఒంటరిగా ఎలా వస్తుంది? మా వీధుల్లో లైట్లు సగం వెలగవు. కుక్కలు. చుచుహియాపారా అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు. మగవాడినైన నాకు తోడుగా కీమ్యాన్ దొరికాడు. ఆవిడకి దొరకాల్సిన తోడు ఇంకొక ఆడమనిషి, లేదా నలుగురు. అది దొరకనంత కాలం వ్యాయామం చేయడం లేదని ఆవిడని ఎవరూ అనకూడదు.

ఇక పొగాకు. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మేం ఊరి నుంచి మోసుకొచ్చిందీ, ఇక్కడికి వచ్చి కొత్తగా అంటించుకున్నదీ కూడా. మా నానమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని, అంట్లు తోముతూ, నీళ్లు మోస్తూ, మాట్లాడుతూ తాగేది. గాలికి చుట్ట ఆరదట, పిల్లల మీద నిప్పు పడదట. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు, డెన్మార్క్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్ అనే నిపుణుడు కలిసి మా శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్ష చేసి 1971లో అచ్చువేశారు. వందకి నలభై మందికి పైగా అడ్డపొగే. ఆడవాళ్లే ఎక్కువ. ఆ నిప్పు వేడికి అంగిట్లో పుండ్లు, మచ్చలు, కొందరికి క్యాన్సర్. ప్రపంచ వైద్య పుస్తకాల్లో మా జిల్లా పేరు ఇలా ఎక్కింది.

బిలాస్‌పూర్ వచ్చాక మా వాళ్లు చుట్ట మానారు. మానినచోట గుడాఖు వచ్చి కూర్చుంది. పొగాకు, బెల్లం మడ్డి కలిపిన నల్లటి ముద్ద, చిన్న డబ్బాల్లో అమ్ముతారు. పొద్దున్నే వేలితో పళ్లకి రుద్దుకుంటారు. రుద్దితే గాని కడుపు కదలదంటారు. పళ్లపొడే కదా అని దాన్ని పొగాకు లెక్కలోకే తీసుకోరు. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో 28.6 శాతం పొగాకు వాడుతుంటే ఛత్తీస్‌గఢ్‌లో 39.1 శాతం. అందులో అత్యధికులు పొగ తాగేవాళ్లు కారు, నమిలేవాళ్లు, రుద్దుకునేవాళ్లు.

నోటి క్యాన్సర్‌కి కోత పడి, రేడియేషన్ అయిన మా బ్లాకు పెద్దాయన రోజూ చేసే పని ఒకటుంది. ఐస్‌క్రీమ్ పుల్లలు కట్టగా పేర్చి, పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య పెట్టుకుని నోరు సాగదీస్తాడు. నాలుగు రోజులకో పుల్ల చేరుస్తాడు. చేయకపోతే దవడ బిగిసి చెంచా కూడా పట్టదు. లాలాజలం ఊరదు కాబట్టి నీళ్ల సీసా చంకలో ఉంటుంది, అన్నం మజ్జిగలో మెత్తగా పిసుక్కుని తింటాడు. రేడియేషన్ తగిలిన దవడలో పన్ను పీకిస్తే ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంటుందని, ముందుగా క్యాన్సర్ డాక్టరుకి చెప్పకుండా ఏ పన్నూ పీకించొద్దని ఆయనకి గట్టిగా చెప్పారు. ఇంత క్రమశిక్షణ గల మనిషి ఇంట్లో ఆయన భార్య, కొడుకు, పనికి వచ్చే అమ్మాయి, ముగ్గురూ గుడాఖు రుద్దుకుంటారు. డబ్బా కిటికీ గట్టు మీదే ఉంటుంది, ఆయన పుల్లల పక్కనే. మానేసిన మనిషి రోజూ పొద్దున ఆ వాసన పీల్చుకుంటూ పళ్లు తోముకోవాలి. ఇల్లంతా మానకుండా ఆ ఇంట్లో ఒక్కడు మానడం ఎంత కష్టమో ఆయన ముఖం చూస్తే తెలుస్తుంది.

"క్యాన్సర్ వచ్చేశాక ఇంకా మానేదేముంది" అని ధైర్యంగా అనేవాళ్లు మా మధ్య చాలామంది ఉన్నారు. మాస్కోలో తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 517 మంది పొగరాయుళ్లని ఏళ్ల తరబడి గమనించి 2021లో ప్రకటించారు: జబ్బు తెలిశాక మానేసినవాళ్లు, మాననివాళ్లకన్నా సగటున ఇరవై నెలలకి పైగా ఎక్కువ బతికారు. ఇరవై నెలలు! ఒక మనవడు పుట్టి, నడక నేర్చుకుని, మాటలాడే వయసుకి వచ్చేస్తాడు. మానాలనుకునేవాళ్లకి ప్రభుత్వం వారి ఉచిత నంబరు ఉంది, 1800-11-2356.

నంబరు ఉంటే సరిపోతుందా అంటే మళ్లీ మా శ్రీకాకుళమే జవాబు చెప్తుంది. 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన కోసం శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకులం, గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు అలవాటున్న వాళ్లని తీసుకున్నారు. ఏటా ఇల్లిల్లూ తిరిగి, నోరు పరీక్ష చేసి, ఎదురుగా కూర్చుని మాట్లాడారు. సినిమాలు వేశారు, రేడియోలో చెప్పించారు. మానినవాళ్లు పెరిగారు, నోట్లో తెల్లమచ్చలు తగ్గాయి. చుట్ట కొస నోట్లో పెట్టుకునే నానమ్మల చేతే మాన్పించగలిగారంటే గడప దాకా మనిషి వెళ్లాడు కాబట్టి. నలభై ఏళ్ల కిందట పల్లెల్లో చేసి చూపించిన పని, డివిజన్ ఆస్పత్రీ, పెన్షనర్ల సంఘమూ, మహిళా సమితీ ఉన్న రైల్వే కాలనీలో చేయలేకపోవడానికి కారణం నాకు కనిపించదు.

తిండి గురించి ఎక్కువ చెప్పను, చెప్పేవాళ్లు ఇప్పటికే ఎక్కువ. పంచదార మానితే గడ్డ ఎండిపోతుందని ఒకరు, క్షారజలం తాగమని ఒకరు, ఫలానా కాయ కషాయం అని ఒకరు ఫోన్లో వీడియోలు పంపుతూనే ఉంటారు. అలాంటి ఏ ఒక్క వస్తువూ క్యాన్సర్‌ని ఆపినట్టు రుజువు లేదు. రుజువున్నవి చప్పగా ఉంటాయి: ఆకుకూరలు, పప్పులు, ముతక ధాన్యాలు, ఒళ్లు పెరగకుండా చూసుకోవడం. ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి వాళ్ల లెక్క ప్రకారం మేక, గొర్రె మాంసం వండాక వారానికి అరకిలో దాటకూడదు, సాసేజ్ లాంటి నిలవ మాంసం వీలైనంత వరకు వద్దు. మద్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. రిటైర్మెంట్ పార్టీల్లో "ఒక్క పెగ్గుకి ఏం కాదు గార్డుబాబూ" అనేవాళ్లకి ఆ 1988 సంగతి చెప్తుంటాను. వినరు, తర్వాతి పార్టీకి పిలవరు. లాభమే.

ఆకుకూరలకి మా ఊరంత మంచి ఊరు లేదు. బుధ్‌వారీ బజారులో పల్లె ఆడవాళ్లు గోనె పరిచి లాల్ భాజీ, చేచ్ భాజీ, మూంగా భాజీ కుప్పలు పోస్తారు. మూంగా అంటే మన మునగాకే. అమారీ భాజీ అంటే గోంగూర, మా వీధి తెలుగువాళ్లు దాని కోసం పోట్లాడుకుంటారు. చోడి (రాగి) అంబలి మా తాత గ్యాంగులో పనిచేసినప్పుడు తాగింది, మధ్యలో మా తరం నామోషీ పడి మానేసింది, ఇప్పుడు డాక్టరు తాగమంటే పాకెట్ కొనుక్కొస్తున్నాం. ఒక్క జాగ్రత్త: పేగు కోసినవాళ్లు పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు తిరగబడుతుంది. కొంచెం కొంచెంగా, నీళ్లు ఎక్కువ తాగుతూ పెంచాలి.

పరీక్షలకి వెళ్లడం కూడా అలవాటే, అది అన్నింటికన్నా కష్టమైన అలవాటు. నా జబ్బుకి సీఈఏ అనే రక్తపరీక్ష మొదట్లో కొన్ని నెలలకోసారి, కొలనోస్కోపీ ఆపరేషన్ అయిన ఏడాదికి, తర్వాత మూడేళ్లకి. తేదీ దగ్గర పడితే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. కొందరు ఆ భయానికే మానేస్తారు, కొందరు చార్జీలకి జడిసి మానేస్తారు. రెండోవాళ్ల కోసం చెప్తున్నాను: క్యాన్సర్ రోగికి రైలు రాయితీ చికిత్సకే కాదు, తర్వాతి పరీక్షలకి వెళ్లడానికీ వర్తిస్తుంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో రోగికి టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం తగ్గింపు. రైల్వే ఉద్యోగి కానక్కర్లేదు, ఆస్పత్రి ఇచ్చే నిర్ణీత పత్రం చాలు. రాయపూర్ వెళ్లినా, లింక్ ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వెళ్లి అగనంపూడి హోమీ భాభా ఆస్పత్రిలో చూపించుకున్నా అదే. ఈ సంగతి మా స్టేషన్ బుకింగ్ కిటికీకి కూతవేటు దూరంలో ఉండేవాళ్లకే తెలియదు.

నేను అడిగేవి పెద్దవేం కాదు. చికిత్స ముగిసిన ప్రతి మనిషికీ కాషన్ ఆర్డర్ లాంటి ఒక చీటీ కావాలి. మొదటి నెల ఇంత నడక, రెండో నెల ఇంత, ఈ చెయ్యి ఇంత బరువు, ఈ లక్షణం కనిపిస్తే ఆగి డాక్టరు దగ్గరికి రా. చీటీ కింద ఒక మనిషి పేరు ఉండాలి, ఎవరు వెంట నడుస్తారో. మనుషులు ఎక్కడి నుంచి వస్తారంటారా? రైల్వే క్రీడల కోటాలో ఉద్యోగాలిచ్చి అథ్లెట్లనీ, కోచ్‌లనీ పోషిస్తోంది, పతకాలకి గర్వపడుతోంది. మా ఊరు జోన్ కేంద్రం కాబట్టి వాళ్లు ఇక్కడే ఉన్నారు. వారానికి ఒక పొద్దున వాళ్లలో ఒక్కరు రైల్వే మైదానానికి వచ్చి మాకు నేర్పితే ఏ పోటీకీ నష్టం లేదు. నేర్చుకున్న పాతవాళ్లం కొత్తవాళ్ల గేట్లు చప్పుడు చేస్తాం. ఆడవాళ్ల బ్యాచి వేరే వేళకి పెట్టాలి, ఆ వేళకి మైదానం లైట్లు వెయ్యాలి. ఫిజియోథెరపిస్టు నెలకోసారి వచ్చి చూస్తే చాలు. మహిళా సమితి వాళ్లు గుడాఖు డబ్బాలున్న కిటికీ గట్ల దాకా వెళ్లాలి, ఏడాదికోసారి కాకపోతే రెండుసార్లు.

క్యాన్సర్ మీద రైల్వేకి శ్రద్ధ లేదని నేననను. వారణాసి లహర్‌తారాలో సొంత క్యాన్సర్ ఆస్పత్రే నడిపిన సంస్థ ఇది. 2018 నుంచి దాన్ని టాటా మెమోరియల్ వాళ్లు నడుపుతున్నారు. మమ్మల్ని బతికించడానికి లక్షలు ఖర్చు పెట్టారు, ఆ రుణం నేను తీర్చలేను. అంత ఖర్చు పెట్టి తెరిచిన లైను మీద బండి నడపకుండా వదిలేయడం మాత్రం నాకు అర్థం కాదు.

ఈ మాట పెన్షనర్ల సమావేశంలో ఎత్తితే ఒక పెద్దమనిషి, దీనికి రైల్వే బోర్డు నుంచి సర్క్యులర్ కావాలన్నారు. మైదానం గేటు తాళం రైల్వే ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ దగ్గర ఉంది, లైటు స్విచ్ వాచ్‌మన్ దగ్గర ఉంది, కీమ్యాన్ ఎవరి అనుమతీ అడగడు. బోర్డు దాకా వెళ్లాల్సింది ఇందులో ఏదో నాకింకా ఎవరూ చెప్పలేదు.